బాండు చాటున

మా ఇంట్లో పొద్దున్న పాప లేచేదాకా ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. అన్నీ సైగలే. పాపకి ఆరో నెల. దాని నిద్ర ఎంత పల్చనంటే వంటింట్లో గరిటె పక్కకి ఒరిగినా కళ్ళు విప్పేస్తుంది. మా అత్త రాజులమ్మ గొంతేమో ఆవిడ వీధి మొదట్లో అడిగితే వీధి చివరివాళ్ళు జవాబు చెప్పేటంత పెద్దది. ఈ రెండిటికీ ఒక కప్పు కింద పొత్తు కుదరదని తేలిపోయాక, పాపకి రెండో నెల వెళ్ళగానే మా అత్తకి నా ఉద్యోగంలో సైగలు నేర్పేశాను. చూపుడు వేలు పైకి పెట్టి చిన్న సున్నా చుట్టినట్టు తిప్పితే ఎత్తమని. అదే వేలు కిందికి చూపించి తిప్పితే దించమని. తిరిగే వేలి మీద రెండో అరచెయ్యి గొడుగు పట్టినట్టు పెడితే మెల్లగా, ఇంకా మెల్లగా అని. అరచెయ్యి బోర్లించి అటూ ఇటూ ఊపితే ఆపమని. రోజూ నాలుగున్నరకి నేను పాప గుడ్డలు పిండి వసారాలో తాడు మీద ఆరేస్తూ ఉంటే, ఆవిడ ఉయ్యాల దగ్గర నిలబడి వేళ్ళు తిప్పుతూ నన్ను నడిపిస్తుంది. నేను పాపని ఎత్తి, పాలిచ్చి, ఆవిడ వేలు చెప్పినంత మెల్లగా మళ్ళీ ఉయ్యాలలో దించుతాను. ఎవరైనా కిటికీలోంచి చూస్తే ఇద్దరికీ పిచ్చి పట్టిందనుకుంటారు.

నేను క్రేను ఆపరేటర్ని. పేరు కుంతి. రాయగడ బయట, వంతెనలకి ఇనప గర్డర్లు తయారుచేసే పెద్ద షెడ్డులో పని. షెడ్డు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నలభై అడుగుల ఎత్తులో పట్టాలు, వాటి మీద క్రేను, దానికి వేలాడుతూ అద్దాల గది. ఆ గదిలో కూర్చునేది నేను. రెండున్నరేళ్ళ కిందట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నలుగురు ఆడపిల్లల్ని ఎంచి, కంపెనీవాళ్ళే ఖర్చు పెట్టుకుని, విశాఖపట్నంలో ఆర్నెల్లు పని నేర్పించారు. నేర్పినందుకు బదులుగా రెండేళ్ళు వాళ్ళ దగ్గరే పనిచేస్తానని స్టాంపు కాగితం మీద రాయించుకున్నారు. దాని పేరు బాండు. సాక్షి సంతకం నా మొగుడు కన్నారావుదే. అతను మునిసిపాలిటీలో నీళ్ళ పంపు నడుపుతాడు. సంతకం ఎంత తేలిగ్గా పెట్టాడంటే, తర్వాత తెలిసింది, పంపు దగ్గర స్నేహితులతో ముందే అనేశాడట, ఆ ఎత్తుకి కళ్ళు తిరిగి వారంలో వచ్చేస్తాది, సూడండి అని. నాకు కళ్ళు తిరగలేదు. మొదటిసారి ఎక్కి కిందికి చూసినప్పుడు ఒళ్ళంతా నవ్వొచ్చింది, అంతే.

ఆ బాండు నకలు ఇప్పటికీ మా దేవుడి గూట్లో ఉంది. నాలుగు మూలలా పసుపు పెట్టి అక్కడ పెట్టింది మా అత్తే. ఆవిడ పుట్టిల్లు గుణుపురం దగ్గర పల్లె. అక్కడ ఆవిడ నాన్న, పక్క పొలానికి నీళ్ళు పోవడానికి తన చేలోంచి బోదె ఇస్తానని స్టాంపు కాగితం మీద రాసిచ్చాడట. మరుసటేడు ఇద్దరికీ మాటల్లేకుండా పోయినా, బోదె మాత్రం బతికున్నంతకాలం పూడ్చలేదట. ఆ సింహాల బొమ్మ ఉన్న కాగితమంటే ఆవిడకి అప్పటి నుంచీ దైవంతో సమానం. నోటిమాట అయితే సర్దుకోవచ్చు, కాగితం మీద రాసేక మాత్రం తప్పకూడదు అంటుంది. ఈ ఒక్క నమ్మకమే రెండేళ్ళ పాటు నాకు గొడుగు పట్టింది.

మా పనిలో ఒక నియమం ఉంది. ఎత్తు, దించు, జరుపు అని నాకు చెప్పే హక్కు కింద నిలబడ్డ సైగ మనిషి ఒక్కడికే. ఆపు అని మాత్రం ఎవరు చెప్పినా ఆపాలి. చీపురు పట్టుకున్నవాడు చెయ్యి ఊపినా ఆపాల్సిందే. విశాఖపట్నంలో మాస్టారు ఇది చెప్పినప్పుడు మిగతా వాళ్ళు రాసుకున్నారు, నేను మాత్రం ఇది నాకు తెలిసిందే కదా అనుకున్నాను. మా ఇంట్లోనూ అంతే మరి. నన్ను పదమన్నవాళ్ళు ఎవరూ లేరు, ఆపమనడానికి మాత్రం ఊరంతా హక్కుదార్లే. పెళ్ళయిన కొత్తలో ఇంటర్‌తో ఆపమన్నారు. కుట్టు మిషను తెచ్చుకుంటే రవిక గుడ్డలతో పరాయివాళ్ళు వస్తున్నారని ఆపమన్నారు. క్రేను ఎక్కాక, మొగుడు నేల మీద పంపు తిప్పుకుంటుంటే నువ్వు ఆకాశంలో ఊరేగుతావేటి అని కన్నారావే నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు కింద ముల్లు ఉంది. నెల తప్పాక ఇంక చెప్పనక్కర్లేదు. మా ఆడపడుచు భారతీదేవి గుణుపురం నుంచి వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, కడుపుతో ఉన్న మనిషి అంత ఎత్తెక్కితే పిల్ల పేగు మెడకి సుట్టుకుంటాది అంది. నిజానికి కంపెనీవాళ్ళు అప్పటికే నన్ను కిందికి దించి స్టోర్లో కూర్చోబెట్టారు. అది చెప్పినా ఆవిడ వినలేదు. అప్పుడు మా అత్త ఫోన్ లాక్కుని, వీధంతా వినేటట్టు, అది రాసిచ్చిందమ్మీ, మనం తప్పించకూడదు అంది. అంతటితో అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. బాండు ఉంది కదా అని నేను నాటకం నేర్చుకున్నాను. పొద్దున్నే గడప దగ్గర ఒక నిట్టూర్పు విడిచేదాన్ని. ఏటి సేస్తాను, బాండు కదా అనేదాన్ని. అలా అంటే ఇంట్లో అందరికీ నా మీద జాలి కలిగేది. జాలి పడ్డ మనిషిని ఎవరూ ఆపరు. వీధి మలుపు తిరిగేదాకా బరువుగా నడిచి, తిరిగాక దాదాపు పరిగెత్తేదాన్ని. షెడ్డు సైరన్ వినపడితే కాళ్ళు వాటంతట అవే వేగం పెంచేవి. ఇష్టమైన పనికి ఇష్టం లేనట్టు వెళ్ళడం అంత సులువేం కాదు. రోజూ మొహం మార్చుకోవాలి.

కాన్పుకి ఆర్నెల్లు సెలవిచ్చారు. ఆ సెలవులో నేను ఎన్ని గుడ్డలు పిండానో, ఎన్నిసార్లు వండానో, పాలిస్తూనే ఎంతమందికి టీ పెట్టానో నాకే తెలీదు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా, హాయిగా ఇంట్లో కూకుని జీతం తీసుకుంటన్నావు, అదృష్టం అన్నారు. అన్నవాళ్ళకి టీ గ్లాసులు కూడా నేనే కడిగాను. ఆ గ్లాసులు కడుగుతూనే నాకు బాండులో ఒక వాక్యం గుర్తొచ్చింది. సెలవు పెట్టిన రోజులన్నీ చివర్లో అదనంగా పనిచేసి పూర్తి చెయ్యాలి అని. అంటే ఈ ఆర్నెల్లూ కలుస్తాయి. సాయంత్రం మొహం వేలాడేసుకుని కన్నారావుకి చెప్పాను. అతను కంపెనీవాళ్ళని రెండు తిట్లు తిట్టి, సరే, బాండు అయ్యేదాకా ఎల్లు, తర్వాత ఇల్లు సూసుకుందువు గానీ, పిల్ల కూడా ఉంది కదా అన్నాడు. నేను తలూపి వంటింట్లోకి వెళ్ళి, పప్పు తాలింపు పెడుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నాకింకో ఆర్నెల్లు దొరికాయి.

రెండు వారాల కిందట మళ్ళీ పనిలో చేరాను. ఆ రోజు సంగతి ఎవరికి చెప్పాలో తెలీక లోపలే దాచుకున్నాను. నిచ్చెనకి యాభై ఎనిమిది మెట్లు. సగంలో ఆయాసం వచ్చి ఆగాను. అంతలో కిందనుంచి సన్యాసయ్య, ఎక్కమ్మీ, తొందరేటీ నేదు అన్నాడు. ఆయనే మా షెడ్డులో సైగ మనిషి. జుట్టంతా నెరిసింది, చేతులు మాత్రం కుర్రవాడివి. పైకి వెళ్ళి, కుర్చీ తుడుచుకుని, బ్రేకు చూసుకుని, చేతిపిడి పట్టుకున్నాను. కింద సన్యాసయ్య వేలు లేచి తిరిగింది. ఉక్కు తాళ్ళు బిగిశాయి. పదకొండు టన్నుల ఇనుము, నేను వేలితో నొక్కితే, నేల వదిలేసి లేచింది. నాకు ఏడుపొచ్చేసింది, నవ్వూ వచ్చేసింది. ఆ సంతోషానికి పాలు కూడా పొంగి జాకెట్టు తడిసిపోయింది. ఛాతీ మీద తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఆ గర్డర్‌ని వెంట్రుకవాసి తేడా లేకుండా దాని చోట దించాను. సన్యాసయ్య రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. ఆ సైగ పుస్తకంలో లేదు. తర్వాత యాభై ఎనిమిది మెట్లూ దిగి, ఫస్టెయిడ్ గదిలో పాలు పిండుకుని, మళ్ళీ ఎక్కాను. రోజుకి రెండుసార్లు అదే పని. కాళ్ళు పీకేవి. అయినా పైన కూర్చుని మధ్యాహ్నం డబ్బా విప్పితే, చల్లారిపోయిన అన్నం కూడా అమృతంలా ఉండేది. ఎందుకంటే అది నన్నెవరూ వడ్డించమని అడగకుండా నేను తినే ఒకే ఒక్క పూట.

ఇంటికి రాగానే మా అత్త పాపని అందిస్తూ ఈయేల ఎంత ఎత్తేవు అని అడిగేది. మొదటిరోజు పదకొండు టన్నులు అని చెప్తే, అంటే ఎన్ని బస్తాల ధాన్నెం అంది. నూట నలభై చిల్లర అన్నాను. ఇంత చిన్న చేతుల్తోనా అని నా వేళ్ళు పట్టుకుని చూసింది. మర్నాడు కొళాయి దగ్గర ఆ లెక్క అందరికీ చెప్పిందని తెలిసింది.

మొన్న శనివారం మా ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూసే సస్మిత మేడమ్ పిలిచింది. కుర్చీ చూపించింది, అదే కొత్త. ముందు మంచి మాట చెప్పింది. కల్యాణసింగ్‌పూర్ దారిలో ఏటి మీద వేసే వంతెనకి మొదటి గర్డర్ తయారైంది, పద్దెనిమిది టన్నులు, సోమవారం పొద్దున్నే లారీ మీదికి ఎక్కించాలి, ఎత్తేది నువ్వే అంది. మా పుట్టిల్లు ఆ ఏటికి అవతల. వానాకాలం ఏరు పొంగితే మూడేసి రోజులు దారి ఉండదు. మా అమ్మ జ్వరంతో ఉన్నప్పుడు ఒడ్డున నిలబడి నీళ్ళు తగ్గేదాకా ఎదురుచూసిన రోజు నాకు ఇంకా గుర్తే. ఆ వంతెనకి మొదటి దూలం ఎత్తేది నేనా అని రెండుసార్లు అడిగాను.

మేడమ్ నవ్వి, ఇంకో మంచి మాట ఉంది అని ఒక కాగితం నా ముందుకి తోసింది. నా బాండు పూర్తయిపోయిందట. ఆ రోజుతో సరిగ్గా రెండేళ్ళు. కాన్పు సెలవు సెలవుల లెక్కలోకి రాదు, నువ్వు పనిలో ఉన్నట్టే లెక్క, ఆ వాక్యం మామూలు సెలవులకి అని ఒరియాలో, హిందీలో, మళ్ళీ ఒరియాలో చెప్పింది. నాకు మొదట నోటికొచ్చిన మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ ఆర్నెల్లూ కలపడానికి ఏమైనా వీలవుతుందా మేడమ్ అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసేసింది. బాండు తగ్గించమని వచ్చినవాళ్ళని చూశాను గానీ పెంచమని అడిగినదాన్ని నిన్నే చూశాను అంది. అప్పుడు చెప్పక తప్పలేదు. మా ఇంట్లో నన్ను పంపిస్తున్నది ఆ కాగితమే అని చెప్పాను. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. కాగితం నేను ఇంటికి పంపను, నీ చేతికే ఇస్తున్నాను, పని ఎక్కడికీ పోదు, నీకు ఇష్టమైనన్నాళ్ళు చెయ్యొచ్చు అంది. నీకు ఇష్టమైనన్నాళ్ళు అనే మాట నాతో ఎవరైనా అనడం అదే మొదలు.

దారి పొడుగునా ఆ కాగితం టిఫిను సంచిలో డబ్బా కింద ఉంది. నేను చెప్పకపోతే ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇంకా ఆర్నెల్లు నిట్టూరుస్తూ గడప దాటొచ్చు. ఆర్నెల్ల అబద్ధం ఎదురొచ్చి చేతిలో పడింది. ఆ తర్వాత ఇంకేదో దొరక్కపోతుందా. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇల్లు చేరాను.

నిన్న ఆదివారం. వంటింట్లో కూర తరుగుతున్నాను. ముందు గదిలో కన్నారావు ఒళ్ళో పాపని పెట్టుకుని అక్కతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఫోన్ గట్టిగా పెట్టడం వల్ల ఆవిడ గొంతు కూడా వినిపిస్తోంది. పాలుతాగే పిల్లని ఒదిలేసి ఆ ఇనుం మీదికి ఎక్కడానికి దానికి మనసెలా ఒప్పుతాది అంటోంది భారతీదేవి.

“దానికి మాత్రం ఇష్టమేటక్కా,” అన్నాడు కన్నారావు. “ఏటి సేస్తాది, బాండు. ఆల్లు కట్టిపడేసేరు. ఇంకో ఆర్నెల్లు అయితే ఒగ్గేస్తాది. ఏటే కుంతీ?”

గుమ్మంలోంచి నా వైపు చూశాడు. ఆ చూపులో ప్రేమే ఉంది. నన్ను వెనకేసుకొస్తున్నానని అనుకుంటున్నాడు. నేను తల ఊపాను.

తల ఊపాక వంకాయ తరగలేకపోయాను. ఇష్టమేటి అన్నాడు, నేను అవునన్నట్టు ఊపాను. యాభై ఎనిమిది మెట్లు, తడిసిన జాకెట్టు, పదకొండు టన్నులు నేల వదిలిన క్షణం, అన్నిటినీ ఒక్క తల ఊపుతో నాది కాదనేశాను. పాప తండ్రి ఒళ్ళోంచి నన్నే చూస్తోంది. రేపు పెద్దయ్యాక దానికి ఏం చెప్తారు? మీ అమ్మ పాపం, ఇష్టం లేకపోయినా కట్టేస్తే వెళ్ళిందని చెప్తారు. నాకు చచ్చేంత కోపం వచ్చింది. సగం కోపం నా మీదే. ఇన్నాళ్ళూ నన్ను ఆపినవాళ్ళ లెక్కే చూసుకున్నాను గానీ, వెళ్తాను అని నేను ఒక్కసారైనా నోటితో అన్నానా?

ఇవాళ సోమవారం. పొద్దున్న నుంచే వాన. నాలుగింటికి లేచి అంబలి కాచి, అన్నం వండి, పాలు పిండి గిన్నెలో పెట్టి మూత వేసి, గుడ్డలు ఆరేశాను. పని అదే గానీ చేతులు మాత్రం ఏదో పండగ ఉన్నట్టు గబగబా కదిలాయి. అయిదున్నరకి గడప దగ్గర కూర్చుని బూట్లు తీసుకున్నాను. మా అత్త పాపని భుజాన వేసుకుని వసారాలో నిలబడింది, పాప అప్పుడే మళ్ళీ నిద్రపోయింది. కన్నారావు పంపు డ్యూటీకి తయారై, గొడుగు వెతుక్కుంటూ, గొంతు తగ్గించి అన్నాడు.

“మెట్లు జారతాయి, జాగర్త. ఇంకెంత, ఆర్నెల్లే కదా. ఓపిక పట్టు.”

సంచిలోంచి కాగితం తీసి అతని చేతిలో పెట్టాను. అతను దీపం కిందికి వెళ్ళి, పెదాలు కదుపుతూ ఇంగ్లీషు ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు.

“బాండు అయిపోనాది,” అన్నాను. ఆ వేళప్పుడు మా ఇంట్లో గట్టిగా వినపడ్డ మొదటి మాట అదే. “కాన్పు సెలవు కూడా పని కిందే లెక్కేసేరు. శనివారంతో అయిపోనాది.”

కన్నారావు మొహం విప్పారింది. అంతలోనే నా కాళ్ళ దగ్గరున్న బూట్లు చూశాడు.

“మరయితే ఈయేల ఎందుకెల్తన్నావు?”

రెండేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగే అవసరం నేనే రానివ్వలేదు.

“నాకిష్టం గనక ఎల్తన్నాను,” అన్నాను. “ఆ పనంటే నాకు పేనం. బాండు కదా, ఏటి సేస్తాను అని రోజూ అన్నాను సూడు, అది అబద్దం. మొదట్రోజు నుంచీ ఇష్టపడే ఎల్లేను. రేపూ ఎల్తాను. పొద్దున్న అంబలి రేపట్నించి నువ్వు కాయి, నాను గుడ్డలు ఉతుకుతాను.”

అంబలి సంగతి ముందు అనుకున్నది కాదు, అదే వచ్చేసింది. పాప కదిలింది. కన్నారావు అరచెయ్యి బోర్లించి అటూ ఇటూ ఊపాడు, పిల్ల లేస్తాది, నెమ్మది అన్నట్టు. సైగలు నేర్చుకోనివాడు అతనొక్కడే మా ఇంట్లో. ఆ చెయ్యి మా భాషలో ఏమంటుందో అతనికి తెలీదు. నాకూ మా అత్తకీ తెలుసు.

నేను ఆవిడ వైపు చూశాను. నిజం చెప్తే నాకు భయమంతా ఆవిడ దగ్గరే. రెండేళ్ళు నా తరపున గొంతెత్తింది కాగితం మీది మాట కోసం. ఆ మాట తీరిపోయింది. పైగా కోడలు రోజూ గడప దగ్గర అబద్ధమాడిందని ఇప్పుడే విన్నది. ఆవిడ దేవుడి గూటి వైపు చూసింది, పసుపు మూలల కాగితం అక్కడే ఉంది. కొడుకు చేతిలో కొత్త కాగితం చూసింది. తర్వాత నన్ను చూసింది, పైనుంచి కిందికి, బస్తాల లెక్క విన్న రోజు నా వేళ్ళు చూసినట్టే.

పాప తల జారకుండా ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. కుడి చెయ్యి మెల్లగా భుజం దాటి పైకి లేచింది. చూపుడు వేలు నిటారుగా నిలిచి, గాలిలో చిన్న సున్నా చుట్టడం మొదలుపెట్టింది.

అప్పటికే నేను రెండో బూటు తాడు కూడా ముడేసేసుకున్నాను.